హైదరాబాద్ వదిలి రాజమండ్రి వెళ్లాలా? అద్దె లెక్క తర్వాత, ముందు బాబు తరగతి చూడండి

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి వచ్చేది నెలకు 1,15,000. మీవారు ప్రైవేటు బ్యాంకులో, 62,000. నిజాంపేటలో సొంత ఫ్లాటు, ఈఎంఐ 41,000, ఇంకా 14 ఏళ్లు ఉంది. బాబు ఏడో తరగతి, పాప మూడు. అమ్మానాన్నలు రాజమండ్రి దానవాయిపేటలో సొంతింట్లో ఉన్నారు, నాన్నగారికి స్టెంటు వేశారు. అన్నయ్య అమెరికాలో. నెలకు నాలుగు రోజులు ఆఫీసుకు వస్తే చాలని మీ కంపెనీ అంటోంది. నాన్నగారు డాబా మీద ఒక అంతస్తు వేసుకుని వచ్చేయమంటున్నారు. వెళ్తే నెలకు 50 వేలు మిగులుతుందని మీ అంచనా.

నా జవాబు: వెళ్లొచ్చు. వెళ్తే వచ్చే జూన్‌లో వెళ్లండి, కుదరకపోతే ఆ పై జూన్‌లో. అదీ దాటితే బాబు ఇంటర్ అయ్యేదాకా కదలకండి. 50 వేలు మిగలవు. ఫ్లాటు అమ్మకండి. మొదటి ఏడాది డాబా మీద ఒక్క ఇటుక కూడా పెట్టకండి. ఎందుకో ఒక్కొక్కటీ చెబుతాను.

ఈ విషయంలో అందరూ అద్దె, ట్రాఫిక్, కాలుష్యం దగ్గర మొదలుపెడతారు. అవి ఎటూ సర్దుబాటయ్యేవే. వెళ్లాక నచ్చకపోతే అద్దె ఇల్లు మారొచ్చు, ఊరే మారొచ్చు. పిల్లల స్థానికత మాత్రం ఒకసారి చెడితే మళ్లీ సరిచేసుకోలేం.

రెండు రాష్ట్రాల్లోనూ ఎంబీబీఎస్, ఇంజినీరింగ్ లాంటి కోర్సుల కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీట్లలో, 85 శాతం స్థానికులకే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వస్తున్న పద్ధతి ఇది. ఇక్కడ స్థానికుడంటే ఆ ఊళ్లో పుట్టినవాడు కాదు, తాతముత్తాతలు అక్కడివాళ్లయినవాడూ కాదు, ఆధార్‌లో అక్కడి చిరునామా ఉన్నవాడు అంతకన్నా కాదు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడ చదివినవాడు. ఎంబీబీఎస్‌కైనా ఇంజినీరింగ్‌కైనా అర్హత పరీక్ష ఇంటర్ రెండో ఏడాది. వెనక్కి లెక్కపెట్టండి: ఇంటర్ రెండు, ఇంటర్ ఒకటి, పది, తొమ్మిది. ఈ నాలుగూ ఒకే చోట ఉండాలి. తెలంగాణ వైద్య కోర్సులకు 2024లో ఈ నిబంధనను బిగించింది, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కాబట్టి తర్వాత ఏదో ఒక సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చులే అనుకుంటే కుదరదు.

మీ బాబు తొమ్మిది హైదరాబాద్‌లో చదివి పదికి రాజమండ్రి వెళ్లాడనుకోండి. ఆంధ్రలో మూడేళ్లే అవుతుంది, తెలంగాణలో వరస తెగిపోతుంది. అక్కడా స్థానికుడు కాడు, ఇక్కడా కాడు. ఒకే రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాల్లో చదివినవాళ్లకు ఏడేళ్ల లెక్క అని ఇంకో వెసులుబాటు ఉండేది. రాష్ట్రం దాటినవాళ్లకు అది అక్కరకు రాదు. మిగిలిన 15 శాతం సీట్ల నిబంధనలు కూడా విభజన తర్వాత పదేళ్ల గడువు 2024తో ముగిశాక మారుతూ వస్తున్నాయి. ఆ ఏటి ప్రాస్పెక్టస్ చదవకుండా ఎవరి మాటా నమ్మకండి, నా మాటతో సహా.

ఇందులో ఇంకో ఉచ్చు ఉంది, వెళ్లినవాళ్లలో చాలామంది పడేది ఇందులోనే. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బాబును రాజమండ్రిలో చేర్పిస్తారు, అంతా సవ్యంగానే ఉంటుంది. పది అయ్యాక కోచింగ్ బాగుంటుందని ఇంటర్‌కు మళ్లీ హైదరాబాద్ హాస్టల్లో వేస్తారు. అక్కడితో నాలుగేళ్ల వరస తెగినట్టే. హాస్టల్ తప్పదనుకుంటే విజయవాడో గుంటూరో విశాఖో చూడండి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఉన్న పాత జిల్లాలన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికే వస్తాయి కాబట్టి స్థానికత చెడదు. నెల్లూరు, తిరుపతి, కర్నూలు వైపు పంపితే ప్రాంతం మారుతుంది. ఎన్ఐటీలకు లెక్క వేరు, అక్కడ పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యాడన్నదే చూస్తారు. సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు. ఆంధ్రలో ఇంటర్ చదివితే తాడేపల్లిగూడెం, తెలంగాణలో చదివితే వరంగల్ ఆ లెక్కలోకి వస్తాయి. ఐఐటీలకు ఈ గొడవేమీ లేదు.

పాప విషయం ఇంకోలా ఉంటుంది. తెలంగాణలో ప్రభుత్వోద్యోగాలకు 2018 ఉత్తర్వుల ప్రకారం స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. పాప మూడు అయ్యాక వెళ్లిపోతే ఆ ఏడేళ్లలో నాలుగేళ్లు ఆంధ్రలో పడతాయి, తెలంగాణలో ఉద్యోగ స్థానికత పోతుంది. నాలుగు కూడా పూర్తిచేసుకుని వెళ్తే లెక్క అటు తిరుగుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల గ్రూప్స్ రాస్తుందో లేదో ఎవరికి తెలుసు, దీనికోసం ఏడాది ఆగమని నేననను. తెలిసి వదులుకుంటే చాలు. ఎటు వెళ్లినా ఒకటో తరగతి నుంచి ప్రతి ఏడాదికీ బోనఫైడ్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకుని దాచండి. పదేళ్ల తర్వాత ఆ బడి ఉంటుందో, పేరు మారి వేరే యాజమాన్యం చేతుల్లో ఉంటుందో చెప్పలేం.

బడి మార్పులో చిన్న చిన్న పనులు కొన్ని ఉన్నాయి. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది కలిపి రెండేళ్ల కోర్సు కింద లెక్క. మధ్యలో, అంటే నేరుగా పదిలో చేర్చుకోవడానికి బడులు సవాలక్ష అడుగుతాయి. టీసీ తీసుకునేటప్పుడే పాత బడి వాళ్లు యూడైస్ పోర్టల్లో (దేశంలోని బడులు, పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) పిల్లల పేరు విడుదల చేశారో లేదో చూసుకోండి. అది చేయకపోతే కొత్త బడిలో పిల్లాడు కూర్చుంటాడు గానీ రికార్డు పాత బడిలోనే ఉంటుంది, తొమ్మిదిలో రిజిస్ట్రేషన్ సమయానికి పరుగులు పెట్టాలి. టీసీ మీద డీఈవో కౌంటర్ సంతకం కావాలని కొన్ని బడులు అడుగుతాయి. కొత్త బడిని ముందే అడిగి, హైదరాబాద్‌లో ఉండగానే ఆ పని చూసుకోండి. బాబుకు ఇక్కడ రెండో భాష హిందీ అయితే అక్కడి బడిలో ఏముందో కనుక్కోండి. ఎనిమిదిలో తెలుగు అక్షరాలు దిద్దుకునే పిల్లలు బోలెడంత మంది ఉన్నారు, అది వాళ్లకు చాలా కష్టంగా ఉంటుంది.

ఇక డబ్బు. మీ 50 వేల లెక్కలో తగ్గేవే ఉన్నాయి, పెరిగేవి లేవు. గడిచిన 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని ప్రతి ఖర్చునూ తగ్గేది, మారనిది, పెరిగేది అని మూడుగా విడదీయండి. మీరిచ్చిన అంకెలతోనే నేను చేస్తే ఇలా వచ్చింది.

తగ్గేవి: బడి ఫీజులు ఇద్దరికీ కలిపి ఏడాదికి 2,90,000 నుంచి 1,60,000కు దిగుతాయనుకుంటే నెలకు 11 వేలు. పనిమనిషి, వంటమనిషి దగ్గర 4 వేలు. పెట్రోలు, క్యాబ్‌ల దగ్గర 7,500. హోటళ్లు, మాల్స్, డెలివరీ ఆర్డర్ల మీద 6 వేలు తగ్గుతుందన్నారు, నేను సగమే, అంటే 3 వేలే వేస్తాను. అలవాట్లు లారీలో సామానుతో పాటే వస్తాయి. ఫ్లాటుకు 24 వేలు అద్దె వస్తుంది, మెయింటెనెన్స్ 3,800 అద్దెకున్నవాళ్లే కడతారు. అందులోంచి రాజమండ్రిలో మీరు కట్టే అద్దె 12,500 తీసేస్తే మిగిలేది 15,300. మొత్తం 40,800.

పెరిగేవి: నెలకు నాలుగు రోజులు ఆఫీసంటే రెండు ప్రయాణాలు. రానుపోను టికెట్లు, ఆటోలు, పీజీ హాస్టల్లో రెండేసి రోజులు, తిండి కలిపి తక్కువలో తక్కువ 11 వేలు. ఫ్లాటు ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందని వేసుకుంటే నెలకు 2 వేలు. కరెంటు బిల్లు సగటున 1,500 ఎక్కువ. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, ఏప్రిల్లో కూడా తెల్లవారుజామున గాలి వీస్తుంది. రాజమండ్రిలో ఉక్కపోత రాత్రంతా ఉంటుంది, ఏసీ మార్చి నుంచి అక్టోబరు దాకా నడుస్తుంది. రెండో ఇంటర్నెట్ కనెక్షన్, ఇన్వర్టర్ ఖర్చు నెలకు పంచితే వెయ్యి. పెళ్లిళ్లు, ఓణీలు, గృహప్రవేశాలు, పెద్దకర్మలకు చదివింపులు, బట్టలు కలిపి 4 వేలు. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ ‘సెలవు దొరకలేదు పిన్నీ’ అంటే సరిపోయేది, ఊళ్లో ఉండి ఆ మాట అనలేరు. మొత్తం 19,500.

మిగిలేది 21 వేల చిల్లర. అదీ మీవారికి బదిలీ దొరికితేనే. దొరక్క ఊళ్లో ఏ 40 వేల ఉద్యోగమో చూసుకున్నారంటే 22 వేలు అక్కడే పోతాయి, లెక్క సున్నాకు వచ్చేస్తుంది. అందుకే ఈ నిర్ణయానికి ఇరుసు మీ వర్క్ ఫ్రమ్ హోమ్ కాదు, మీవారి బదిలీ ఉత్తర్వు. ఆయన బ్యాంకుకు రాజమండ్రిలో ఎన్ని శాఖలున్నాయి, ఆయన హోదాకు సరిపడే ఖాళీ ఉందా, కాకినాడ, తణుకు శాఖలైనా రోజూ వెళ్లిరాగలరా అన్నది ముందు తేలాలి. ఉత్తర్వు కాగితం మీద చూశాకే బడి ఫీజు కట్టండి. రీజినల్ మేనేజర్ ‘చూద్దాం’ అన్నారంటే కాదన్నట్టే అనుకోండి.

మీ జీతం వైపు ఇంకో లెక్క ఉంది, అది మొదటి ఏడాది కనిపించదు. కంపెనీలు మారుతూ, ఆఫీసులో కంటికి కనిపిస్తూ ఉంటే ఏటా 9 శాతం పెరుగుతుందనుకుందాం. దూరంగా ఉండి, ఉన్న కంపెనీనే అంటిపెట్టుకుంటే 5 శాతం అనుకుందాం. ఐదేళ్లకు మొదటిది 1,77,000 దగ్గర ఉంటుంది, రెండోది 1,47,000 దగ్గర. అంటే నెలకు 30 వేల తేడా. ఇవి నేను వేసుకున్న శాతాలే, మీ రంగాన్ని బట్టి మార్చుకోండి. కానీ సున్నా తేడా అని మాత్రం వేసుకోకండి.

కంపెనీ నుంచి తీసుకోవాల్సినవి: పని చేసే ఊరు మారినట్టు హెచ్‌ఆర్ ఇచ్చే లెటర్, కనీసం ఈమెయిల్. నెలకు నాలుగు రోజులన్నది మీ మేనేజర్ మాటా, కంపెనీ పాలసీయా? మేనేజర్ మాటే అయితే ఆయన వేరే టీమ్‌కు వెళ్లిన రోజున మీ నాలుగు రోజులు వారానికి మూడు రోజులవుతాయి. ఊరిని బట్టి జీతం తగ్గించే పద్ధతి ఉందా, వెనక్కి పిలిస్తే ఎన్ని రోజుల గడువు ఇస్తారు అనేవి కూడా అడగండి. పీఎఫ్‌కు ఏమీ కాదు. వృత్తిపన్ను రెండు రాష్ట్రాల్లోనూ మీ జీతానికి నెలకు 200 రూపాయలే. ఉద్యోగం పోతే హైదరాబాద్‌లో కూర్చుని ఇంకోటి వెతుక్కోవడం వేరు, రాజమండ్రిలో పిల్లల్ని బడిలో వేసి వెతుక్కోవడం వేరు. హైదరాబాద్‌లో ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలనుకునేవాళ్లు రాజమండ్రిలో పది నెలలది ఉంచుకోవాలి, ఈఎంఐతో కలిపి.

ప్రయాణం సంగతికొస్తే, గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రంతా నడిచి నేరుగా లింగంపల్లి దాకా వస్తుంది. ఐటీ ఆఫీసులకు అదే దగ్గర. వందేభారత్ పగటి బండి, కాబట్టి ఆఫీసు రోజులకు పనికిరాదు, తిరుగు ప్రయాణాలకు పనికొస్తుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. మీ ఆఫీసు రోజులు ఎప్పుడో రెండు నెలల ముందే తెలియకపోతే ప్రతిసారీ తత్కాల్ తప్పదు, అప్పుడు నా 11 వేలు 15 వేలవుతాయి. సంక్రాంతి ముందూ వెనకా వారాల్లో ఆఫీసు రోజులు పెట్టుకోకండి.

ఫ్లాటు ఎందుకు అమ్మొద్దంటున్నానంటే, అది మీకు తిరిగి వచ్చే దారి. అమ్మాక మూడేళ్లకు వెనక్కి రావాల్సి వస్తే అదే నిజాంపేటలో అదే ధరకు దొరకదు. పన్ను వైపు చూసినా అద్దెకివ్వడం నష్టం కాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీకి మినహాయింపు లేదు. అదే ఇల్లు అద్దెకిస్తే వచ్చిన అద్దెలో 30 శాతాన్ని పన్ను లెక్కలోంచి నేరుగా తీసేస్తారు, మిగతాదాంట్లోంచి వడ్డీ తీసేసుకోవచ్చు. మీ లోను ఇంకా 14 ఏళ్లుంది కాబట్టి ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీయే, అద్దె మీద పన్ను దాదాపు పడదు. అద్దెను మించిన వడ్డీని మాత్రం జీతంలో తగ్గించుకోలేరు. ఒకవేళ రెండు మూడేళ్ల తర్వాత అమ్మాలనిపిస్తే, దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లెక్కించడం) 20 శాతం కూడా లెక్కించుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. లాభంతో రెండేళ్లలో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టినా మినహాయింపు ఉంది. తొందరేమీ లేదు.

డాబా మీద అంతస్తు మాట. ఇది కాస్త మొహమాటం లేకుండా చెప్పాల్సిన విషయం. ఇల్లు నాన్నగారి పేరున ఉంది. మీరు 25 లక్షలు పెట్టి పైన వేసినా స్థలం, కట్టడం ఆయనవే. ఆయన తదనంతరం వీలునామా లేకపోతే అమ్మగారికి, అన్నయ్యకు, మీకు సమాన వాటాలు వస్తాయి, మీరు పెట్టిన డబ్బుకు విడిగా లెక్క ఉండదు. అన్నయ్య మంచివాడే కావచ్చు. ఇలాంటివి అన్నాచెల్లెళ్ల మధ్య కన్నా వాళ్ల పిల్లల కాలంలో ముదురుతాయి. కట్టాలనుకుంటే ముందు నాన్నగారు పై అంతస్తునూ, స్థలంలో విడదీయని వాటానూ మీ పేర రిజిస్టర్డ్ దానపత్రం రాయాలి. అది కుదరకపోతే రిజిస్టర్డ్ వీలునామా అయినా ఉండాలి, కానీ వీలునామాను ఆయన ఎప్పుడైనా మార్చుకోవచ్చని గుర్తుంచుకోండి. అన్నయ్యకు తెలిసే జరగాలి. తర్వాత పాత పునాది రెండో అంతస్తు మోస్తుందా అని స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి. పిల్లర్లు లేకుండా గోడల మీద నిలబడ్డ పాత డాబాలు రాజమండ్రిలో ఇప్పటికీ చాలా ఉన్నాయి, వాటి మీద అదనపు బరువు వేయలేం. నగరపాలక సంస్థ ప్లాను అనుమతి లేకుండా వేస్తే బ్యాంకు లోనూ రాదు, రేపు అమ్మకానికీ ఇబ్బంది.

ఇవన్నీ తేలడానికి ఏడాది ఎలాగూ పడుతుంది. అందుకే మొదటి ఏడాది దానవాయిపేటకు నడిచివెళ్లేంత దూరంలో అద్దెకుండండి. ప్రకాశ్‌నగర్, ఏవీ అప్పారావు రోడ్డు వైపు చూడొచ్చు. దీనికి ఇంకో కారణం మీరు ఉత్తరంలో ఒక్క మాటతో వదిలేసినది: మీవారు. అత్తమామల ఇంటి మీద అంతస్తులో, ఊరు కొత్త, స్నేహితులు లేరు, బ్యాంకులో చిన్న శాఖ. ఆయన సరేనన్నారని రాశారు. ఎందుకు సరేనన్నారో ఇంకోసారి కూర్చుని మాట్లాడుకోండి. ఇల్లు చూసేటప్పుడు వానాకాలంలో వీధిలో నీళ్లు నిలుస్తాయా అని పక్కింటివాళ్లను అడగండి, ఓనరును కాదు. బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) చూపించండి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ ఏడాది జూన్, జులైలలో ఘాట్లకు దగ్గర్లో ఇల్లు మారే పని పెట్టుకోవద్దు, లారీ లోపలికి రానివ్వరు.

నాన్నగారి ఆరోగ్యం కోసమే వెళ్తున్నామన్నారు. మనిషి దగ్గరుండడం వేరు, వైద్యం దగ్గరుండడం వేరు. మొదటిది మీరు వెళ్తే దొరుకుతుంది, దాని విలువ పెద్దదే. రెండోది కనుక్కుని పెట్టుకోవాలి. గుండెపోటు వచ్చినప్పుడు ఆసుపత్రి గుమ్మం తొక్కినప్పటి నుంచి 90 నిమిషాల్లో రక్తనాళం తెరవాలన్నది లక్ష్యం. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే. కాబట్టి ఊళ్లో ఏ ఆసుపత్రి మంచిదని అడక్కండి, ఇలా అడగండి: క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాలు తెరిచే గది) రాత్రి రెండింటికి కూడా నడుస్తుందా? కార్డియాలజిస్టు ఊళ్లోనే ఉంటారా, వారానికి రెండు రోజులు వచ్చి వెళ్లేవారా? సీటీ స్కాన్ తీసే మనిషి రాత్రి డ్యూటీలో ఉంటాడా? న్యూరాలజిస్టు ఉన్నారా? విజిటింగ్ డాక్టర్ల బోర్డు చూసి మోసపోవడం చిన్న ఊళ్లలో మామూలే. రెండు ఆసుపత్రుల పేర్లు, ఎమర్జెన్సీ నంబర్లు, నాన్నగారి పాత యాంజియో రిపోర్టు, మందుల చీటీ ఫ్రిజ్ మీద అంటించండి. పెద్ద సర్జరీ అవసరమైతే విశాఖకైనా విజయవాడకైనా మూడు గంటలకు పైగా పడుతుంది, అంబులెన్స్ ఎవరిది పిలవాలో ముందే తెలిసి ఉండాలి.

ఇన్సూరెన్స్ కూడా ఇక్కడే. మీ కంపెనీ పాలసీలో అమ్మానాన్నలు ఉన్నా, మీ ఉద్యోగంతో పాటే అది పోతుంది. విడిగా తీసుకోండి. కొన్ని పాలసీల్లో ఊరిని బట్టి ప్రీమియం జోన్లుంటాయి. చిన్న ఊరి జోన్‌లో తక్కువ ప్రీమియం కట్టి హైదరాబాద్‌లో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మనమే కట్టాలి. మీకు పెద్ద చికిత్సలు జరిగేది ఎలాగూ పెద్ద ఊళ్లలోనే కాబట్టి ఆ షరతు లేనిదే చూడండి. ముందునుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం గరిష్ఠంగా మూడేళ్లు. పాత పాలసీని ఇంకో కంపెనీకి మార్చుకుంటే ఇప్పటిదాకా గడిచిన కాలం కలిసొస్తుంది, రెన్యూవల్‌కు 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి.

ఇంటినుంచి పని అంటే కరెంటు, నెట్. 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ ఒకటి, దానికి తగ్గ ఇన్వర్టర్ చాలు. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్స్. వాడుకోదగ్గది, నష్టాలు పోగా 1,050 దాకా. రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు, ల్యాప్‌టాప్, రౌటర్ కలిపి 260 వాట్లు లాగుతాయనుకుంటే నాలుగు గంటలు వస్తుంది. మెయింటెనెన్స్ కోతలు ఎక్కువగా అంతలోపే అయిపోతాయి. ఇబ్బంది మీ ఇంట్లో కాదు, వీధి చివర స్తంభం మీద ఉంటుంది. కేబుల్ ఆపరేటర్ పెట్టె బ్యాటరీ అయిపోతే మీ ఇంట్లో కరెంటున్నా నెట్ ఉండదు. అందుకే రెండు కనెక్షన్లు వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు స్తంభాల మీదుగా వచ్చేవి తీసుకోండి. రెండూ ఒకే లోకల్ ఆపరేటర్ ద్వారా వస్తే అవి రెండు కాదు, ఒకటే. మూడోది ఇంకో కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్. తుపాను వస్తే ఇవేవీ అక్కరకు రావు. 2025 అక్టోబరులో మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది, గోదావరి జిల్లాల్లో అక్టోబరు, నవంబరు నెలలు అలాంటివే. ఆ రెండు నెలల్లో మీ టీమ్‌కు పెద్ద డెలివరీలుంటే ముందే చెప్పి పెట్టండి, లేదా ఆఫీసు రోజులు ఆ వారాల్లోకి జరుపుకోండి.

బండ్లు. ఏడాదికి మించి వేరే రాష్ట్రంలో నడిపితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. తెలంగాణలో చలాన్లన్నీ కట్టి, లోను ఉంటే బ్యాంకు ఎన్ఓసీ తీసుకుని, ఫారం 28తో ఆర్టీవో ఎన్ఓసీ తెచ్చుకోవాలి. ఆంధ్రలో ఫారం 27 పెట్టి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఇక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు గానీ దానికి ఓపిక కావాలి. కారు కొత్తదైతే మార్చుకోండి. స్కూటీ పదేళ్లు దాటిందని రాశారు, దాన్ని ఇక్కడే అమ్మేసి అక్కడ ఏపీ నంబరుది సెకండ్‌హ్యాండ్ కొనుక్కోవడం చవక. ఓటుకు ఫారం 8, గ్యాస్ ట్రాన్స్‌ఫర్, ఆధార్ చిరునామా ఆన్‌లైన్లో అయిపోతాయి. రేషన్ కార్డు ఉంటే అది రాష్ట్రానిది, ఆరోగ్యశ్రీ కూడా దానితోనే పోతుంది, అక్కడ కొత్తగా పెట్టుకోవాలి.

ఇప్పుడు వరస. ఈ నెలలో మీవారు బదిలీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి, మీరు హెచ్‌ఆర్ ఈమెయిల్ తెప్పించుకోవాలి. మే నెలలో ఒక వారం కాదు, మూడు వారాలు రాజమండ్రిలో ఉండి మామూలుగా ఆఫీసు పని చేయండి, సెలవు పెట్టి కాదు. నడి ఎండాకాలం, కరెంటు కోతలు, చుట్టాల రాకపోకలు అన్నీ ఒకేసారి తెలుస్తాయి. అప్పటికి బదిలీ ఉత్తర్వు వస్తే బాబును ఎనిమిదిలో చేర్చండి. రాకపోతే బాబును ఎనిమిదికి హైదరాబాద్‌లోనే ఉంచండి, ఇంకో ఏడాది ప్రయత్నించండి. ఆ పై ఏడాది ఏప్రిల్ 30 నాటికి కూడా ఉత్తర్వు లేకపోతే బాబు తొమ్మిది ఇక్కడే మొదలవుతుంది, తర్వాత నాలుగేళ్లు మీరు హైదరాబాద్‌లోనే. ఆ పరిస్థితిలో నాన్నగారిని, అమ్మగారిని ఏడాదిలో నాలుగైదు నెలలు నిజాంపేటకు తెచ్చుకోవడం, మిగతా నెలలకు రాజమండ్రిలో పగలూ రాత్రీ ఇంట్లో ఉండే మనిషిని పెట్టడం చూసుకోండి.  లిఫ్ట్ లేని మూడో అంతస్తు అయితే మాత్రం నాన్నగారు రారు. మీ ఫ్లాటు ఎన్నో అంతస్తో రాయలేదు, చెప్పండి.